గేమ్‌లో దేశాన్ని జయించడం నిజంలా అనిపించాలంటే ఏమేం మార్చాలి

స్ట్రాటజీ గేమ్ ఆడేవాళ్లకి తెలిసిన సంగతే ఇది. సరిహద్దులో సైన్యాన్ని పోగేస్తారు, నాలుగు టర్న్‌లలో శత్రువు నగరం పడుతుంది, మ్యాప్ మీద రంగు మారిపోతుంది, కొద్ది టర్న్‌లు తిరిగేసరికి ఆ నగరం పన్ను మీ ఖజానాలోకి వస్తుంటుంది, మొన్నటిదాకా మీ మీద బాణాలు వేసిన జనమే మీకు సైనికుల్ని తయారుచేసి ఇస్తుంటారు. నాకు గేమ్ మీద నమ్మకం పోయేది సరిగ్గా ఇక్కడే. యుద్ధం గెలవడం ఎంత కష్టమో చూపించడానికి డిజైనర్లు బోలెడంత శ్రమ పడతారు, గెలిచినదాన్ని నిలబెట్టుకోవడం మాత్రం దాదాపు ఉచితంగా వదిలేస్తారు. చరిత్రలో చాలామంది విజేతలు దెబ్బతిన్నది ఆ రెండో దాని దగ్గరే.

మీరు సొంతంగా గేమ్ కడుతున్నా, ఉన్న గేమ్‌కి మోడ్ (ఆట రూల్స్‌ని మార్చే చేర్పు) రాస్తున్నా కింద చెప్పేవి పనికొస్తాయి. యూరోపా యూనివర్సాలిస్ 4, హార్ట్స్ ఆఫ్ ఐరన్ 4 లాంటి వాటిలో చాలా సంఖ్యలు మామూలు టెక్స్ట్ ఫైళ్లలోనే ఉంటాయి కాబట్టి కోడింగ్ పెద్దగా రాకపోయినా కొంత దూరం వెళ్లొచ్చు. పని మొదలుపెట్టే ముందు ఒక్కటి మనసులో పెట్టుకోండి: ఒక ప్రాంతం మీదైంది అంటే అక్కడి జనం మీ మాట వింటున్నారని అర్థం. పన్ను అడిగితే కడతారు, వంతెన బాగుచేయమంటే చేస్తారు, పారిపోయిన పాత రాజు మనిషి రాత్రిపూట వస్తే తలుపు తీయరు. ఇదంతా ఎందుకు జరుగుతుంది, ఎప్పుడు ఆగిపోతుంది అన్నదే మీరు లెక్కల్లోకి తేవాల్సిన విషయం.

మొదటి పని: ఓనర్ అనే ఒక్క గడిని మూడుగా విడగొట్టండి

చాలా గేముల్లో ప్రావిన్స్‌కి, అంటే మ్యాప్ మీద ఒక్కో ప్రాంతానికి, ఒకే ఓనర్ ఉంటాడు. దాని బదులు మూడు విలువలు పెట్టండి. మొదటిది పట్టు, అంటే ఇప్పుడు అక్కడ ఎవరి సైన్యం ఉంది. రెండోది హక్కు, అంటే సంధి పత్రాల ప్రకారం, మిగతా దేశాల దృష్టిలో అది ఎవరిది. మూడోది ఒప్పుకోలు, అంటే అక్కడివాళ్లు ఎవరిని తమ ప్రభుత్వంగా చూస్తున్నారు. 1871లో ఫ్రాంక్‌ఫర్ట్ సంధితో అల్సాస్ మీద, లొరేన్‌లో కొంత భాగం మీద పట్టూ హక్కూ రెండూ జర్మనీకి వచ్చాయి, 1918 దాకా దాని దగ్గరే ఉన్నాయి, అయినా ఫ్రాన్స్ ఆ నష్టాన్ని మర్చిపోలేదు, అక్కడి జనంలో చాలామంది బెర్లిన్ పాలనతో పూర్తిగా కలిసిపోనూ లేదు. మూడు విలువలు విడివిడిగా ఉంటేనే ఇలాంటి పరిస్థితి గేమ్‌లో పుడుతుంది.

యూరోపా యూనివర్సాలిస్ 4 మొదటి రెండింటినీ బాగానే వేరుచేస్తుంది. ఆక్రమించిన ప్రావిన్స్ సంధి కుదిరేదాకా మీది కాదు, కుదిరాక కూడా దాన్ని కోర్, అంటే పూర్తిగా సొంత ప్రాంతం, చేసుకోవడానికి సమయమూ పాయింట్లూ పోయాలి. సివిలైజేషన్ 6కి 2018లో వచ్చిన రైజ్ అండ్ ఫాల్ అనే అదనపు ప్యాక్ నగరాలకి లాయల్టీ (విధేయత) పెట్టింది. నాకు అన్నిటికంటే నచ్చింది మాత్రం 2020లో లా రెసిస్టాన్స్ అనే ప్యాక్‌తో హార్ట్స్ ఆఫ్ ఐరన్ 4లో వచ్చిన మార్పు: ఆక్రమిత ప్రాంతంలో ప్రతిఘటనకి ఒక సంఖ్య, సహకారానికి ఇంకో సంఖ్య. ఈ రెండూ ఒకే కొలబద్ద మీద రెండు చివరలు కావు. పగలు మీ ఆఫీసులో లెక్కలు రాసే మనిషే రాత్రి తిరుగుబాటుదారులకి అన్నం పెట్టొచ్చు.

మీ గేమ్‌లో కూడా భయాన్నీ ఒప్పుకోలునీ కలిపేయకండి. భయం సైన్యం దిగిన రోజే పెరుగుతుంది, సైన్యం కదిలిన నెలలోనే పడిపోతుంది. ఒప్పుకోలు ఏళ్ల తరబడి మెల్లగా పెరుగుతుంది, సైన్యం వెళ్లిపోయినా చాలావరకు నిలుస్తుంది. ఈ ఒక్క తేడా పెట్టి చూడండి, ఉన్న సైన్యాన్నంతా పక్క దేశం మీదికి పంపేముందు ప్లేయర్ ఆగి ఆలోచించడం మొదలుపెడతాడు.

రెండో పని: నగరం పడితే యుద్ధం ముగిసే రూల్ తీసేయండి

నెపోలియన్ 1812 సెప్టెంబర్ 14న మాస్కోలో అడుగుపెట్టాడు. అధికారికంగా రాజధాని సెయింట్ పీటర్స్‌బర్గే అయినా, మాస్కో చేతికొస్తే జార్ అలెగ్జాండర్ దిగివస్తాడని ఆయన నమ్మకం. ఐదు వారాలు చూసినా సంధి కబురు రాలేదు, అక్టోబర్ 19న వెనక్కి బయల్దేరాడు. 1940లో పారిస్ జూన్ 14న పడింది, ఎనిమిది రోజులు తిరగకుండానే ఫ్రాన్స్ యుద్ధ విరమణ మీద సంతకం పెట్టింది. నగరం పోవడం రెండు చోట్లా జరిగింది. రష్యాకి సైన్యం మిగిలి ఉంది, వెనక్కి జరగడానికి నేల ఉంది, జార్ క్షేమంగా ఉన్నాడు, చలికాలం దగ్గరపడుతోంది. ఫ్రాన్స్‌కి సైన్యం ముక్కలైంది, పోరాడాలా ఆపాలా అని మంత్రివర్గమే చీలిపోయింది.

కాబట్టి లొంగుబాటుని నాలుగు అంశాల మొత్తంగా లెక్కించండి: ఇంకా పోరాడగల సైన్యం ఎంత, ప్రభుత్వం క్షేమంగా ఒక్క మాట మీద ఉందా, సాయం వస్తుందన్న ఆశ ఎంత, ఓడిపోతే మీరు ఏం అడగబోతున్నారు. ఈ నాలుగోదాన్ని చాలామంది డిజైనర్లు వదిలేస్తారు, అసలు మజా అందులోనే ఉంది. ప్లేయర్ యుద్ధం మొదట్లోనే తన లక్ష్యం ప్రకటించాలి, అది శత్రువుకి కనిపించాలి. ఒక రేవు పట్టణం మాత్రమే అడుగుతున్నారని తెలిస్తే శత్రువు రెండు యుద్ధాలు ఓడగానే బేరానికి రావాలి. మొత్తం దేశాన్నే మింగుతారని తెలిస్తే చివరి కోట దాకా పోరాడాలి, ఎందుకంటే వాళ్లకి లొంగినా లొంగకపోయినా ఒకటే. మధ్యలో లక్ష్యం పెంచుకునే వీలు ఇవ్వండి, కానీ పెంచిన రోజే శత్రువు పట్టుదల కూడా పెరగాలి.

రాజుని చంపితే అంతా అయిపోయే రూల్ ఉంటే అదీ తీసేయండి. ఔరంగజేబు 1686లో బీజాపూర్‌ని, 1687లో గోల్కొండని తీసుకున్నాడు, 1689లో మరాఠా రాజు శంభాజీని పట్టి చంపించాడు. గేమ్ అయితే అక్కడ విజయం అని తెర మీద పడేది. శంభాజీ తమ్ముడు రాజారాం తమిళ దేశంలోని జింజికి వెళ్లి అక్కడి నుంచి యుద్ధం నడిపాడు, జింజి కోట 1698 దాకా నిలిచింది, మరాఠా సర్దార్లు ఎవరి దళంతో వాళ్లు మొఘల్ సరఫరాల మీద పడుతూనే ఉన్నారు, 1707లో చక్రవర్తి చనిపోయేనాటికి కూడా ఆ యుద్ధం తేలలేదు. దీన్ని గేమ్‌లోకి తేవాలంటే ప్రతి దేశానికీ కేంద్రీకరణ అనే విలువ ఒకటి పెట్టండి. అది ఎక్కువగా ఉన్న దేశం పైనుంచి ఒక్క సంతకంతో లొంగుతుంది. తక్కువగా ఉంటే రాజు సంతకం పెట్టినా కింది సర్దార్లలో కొందరు ఒప్పుకోరు, ఒక్కొక్కరితో విడిగా తేల్చుకోవాల్సిందే. ఇది ఉంటే రెండు రకాల దేశాల్ని జయించడం రెండు వేర్వేరు పనుల్లా అనిపిస్తుంది.

మూడో పని: స్థానిక పెద్దల్ని గేమ్‌లోకి తీసుకురండి

ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి, నా దృష్టిలో మొత్తం సిస్టమ్‌కి ప్రాణం ఇదే. ఏ విజేతా కొత్త దేశాన్ని పూర్తిగా తన మనుషులతోనే నడపలేడు. అంతమంది ఉండరు, ఉన్నా భాష రాదు, ఏ పొలం ఎవరిదో తెలియదు. లెక్కలు తెలిసిన గుమాస్తాలు, భూస్వాములు, మతపెద్దలు, వర్తకులు, పాత సైన్యంలోని అధికారులు, వీళ్లలో కొందరైనా చేయి కలిపితేనే బండి కదులుతుంది. అందుకని ప్రతి ప్రావిన్స్‌కీ రెండు మూడు వర్గాలు పెట్టండి (మూడు దాటితే ప్లేయర్ చదవడం మానేస్తాడు), ఒక్కో వర్గానికీ బలం ఎంత, మీ మీద అభిప్రాయం ఏంటి, మీకోసం ఏం చేయగలదు అనే మూడు విషయాలు రాయండి. గుమాస్తాలు కలిసొస్తే వసూళ్లు పెరగాలి, మతపెద్దలు కలిసొస్తే ప్రతిఘటన తగ్గాలి, పాత అధికారులు కలిసొస్తే స్థానిక దళాలు దొరకాలి.

పదవుల్ని కూడా విడగొట్టండి. క్రీ.పూ. 331లో గౌగమేలా దగ్గర మజేయస్ అనే పర్షియన్ సేనాని అలెగ్జాండర్ మీద పోరాడాడు, ఆ తర్వాత బాబిలోన్‌ని అప్పగించాడు, అలెగ్జాండర్ అతన్నే అక్కడ గవర్నర్‌ని చేశాడు. సైన్యం పెత్తనాన్నీ పన్నుల వసూలునీ మాత్రం తన మనుషుల చేతుల్లో పెట్టాడు. దీన్ని ఉన్నదున్నట్టుగా మెకానిక్‌గా మార్చొచ్చు: గవర్నర్, సేనాని, వసూలుదారు అని మూడు కుర్చీలు, ఒక్కో కుర్చీలో స్థానికుడో మీవాడో. మూడూ స్థానికులకిస్తే ఖర్చు తక్కువ, పదేళ్లకి ఆ ప్రాంతం విడిపోయే ప్రమాదం ఎక్కువ. మూడూ మీవాళ్లకిస్తే విడిపోయే ప్రమాదం తక్కువ, కానీ వసూళ్లు పడిపోతాయి, పదవులు పోగొట్టుకున్న పెద్దలు తిరుగుబాటుకి డబ్బిస్తారు.

పాతవాళ్లని ఒక్కసారిగా తీసేస్తే ఏమవుతుందో ఇరాక్ చూపించింది. 2003 ఏప్రిల్ 9న బాగ్దాద్ పడింది, మే 23న అమెరికా నడిపిన ఆక్రమణ పాలకులు ఇరాక్ సైన్యాన్నే రద్దు చేశారు. ఆయుధాలు పట్టడం తెలిసిన లక్షల మంది ఒక్క ఆర్డర్‌తో జీతం లేకుండా వీధిన పడ్డారు, తర్వాత వచ్చిన తిరుగుబాటుకి అదో పెద్ద ఊతం అయింది. 1945లో జపాన్‌లో దీనికి వ్యతిరేకంగా జరిగింది, చక్రవర్తిని ఉంచారు, ఉన్న ప్రభుత్వ యంత్రాంగం ద్వారానే ఆదేశాలు అమలు చేయించారు, 1952లో ఆక్రమణ ముగిసేదాకా దేశం మొత్తం మీద సాయుధ తిరుగుబాటు అంటూ రాలేదు. మీ గేమ్‌లో సైన్యాన్ని రద్దు చేయి అనే బటన్ పెడితే, రద్దయిన ప్రతి యూనిట్‌లోని మనుషులూ ఆ ప్రావిన్స్‌లో నిరుద్యోగ సైనికులు అనే సంఖ్యగా మిగలాలి. వాళ్లకి పెన్షన్ ఇస్తారా, మీ దళాల్లో చేర్చుకుంటారా, వదిలేస్తారా అన్నది ప్లేయర్ ఇష్టం.

ఇంకో దారి ఆ దేశాన్ని అసలు కలుపుకోకపోవడం. 1798లో హైదరాబాద్ నిజాం సైన్య సహకార ఒప్పందానికి ఒప్పుకున్నాడు: ఈస్టిండియా కంపెనీ దళాలు ఆయన రాజ్యంలో ఉంటాయి, ఖర్చు ఆయనదే, బయటి దేశాలతో వ్యవహారం కంపెనీ చేతిలో. పాలన భారం లేకుండానే కంపెనీకి శక్తి చేతికొచ్చింది. చాలా గేముల్లో సామంత రాజ్యం అంటే ఎప్పుడో మింగేయడానికి దాచుకున్న ముక్కగానే ఉంటుంది. సామంతుడిగా ఉంచుకోవడమే లాభం అనిపించే అంకెలు పెట్టండి, ముఖ్యంగా పాత కాలంలో జరిగే గేముల్లో.

నాలుగో పని: కాపలాని జనాభాతో ముడిపెట్టండి

ఇది త్వరగా అయ్యే పని, కానీ ప్రభావం పెద్దది. అమెరికా సైన్యం 2006లో తెచ్చిన తిరుగుబాటు నిరోధక మాన్యువల్‌లో వెయ్యి మంది జనానికి 20 నుంచి 25 మంది భద్రతా సిబ్బంది అనే కొలత ఉంది. రెండున్నర కోట్ల జనాభాకి ఆ లెక్కన కనీసం అయిదు లక్షల మంది కావాలి. ఆ మొత్తంలో స్థానిక పోలీసులు కూడా లెక్కకి వస్తారు, మూడో పనిలో చెప్పిన పెద్దల సహకారం ఇక్కడే అక్కరకొస్తుంది. అల్లకల్లోలంగా ఉన్న ప్రావిన్స్‌కి వెయ్యికి 20, మామూలుగా ఉంటే 5, ఒప్పుకోలు బాగా ఉంటే 1 అని మొదలుపెట్టి (చివరి రెండూ నా అంచనాలు) ఆడి చూసి సరిచేసుకోండి. విస్తీర్ణం ప్రకారం లెక్కేసే గేముల్లో ఖాళీ ఎడారికీ కిక్కిరిసిన డెల్టాకీ ఒకే ఖర్చు పడుతుంది, అది పోవాలి. 1847 సెప్టెంబర్‌లో అమెరికా సైన్యం మెక్సికో సిటీనే పట్టుకుంది, మరుసటి ఏడాది సంధిలో మాత్రం జనం పలచగా ఉన్న ఉత్తర భూముల్ని తీసుకుని, కోటిన్నర డాలర్లు చెల్లించి, జనం నిండిన మిగతా దేశాన్ని వదిలేసింది. మీ గేమ్‌లో కూడా ఒక తెలివైన ప్లేయర్ అలాంటి నిర్ణయానికి రాగలగాలి.

సరఫరా గురించి కూడా ఇక్కడే ఒక్క మాట. ఆక్రమించిన రోడ్లూ రైళ్లూ మొదటి రోజు నుంచే పూర్తి సామర్థ్యంతో పనిచేయకూడదు. 1941లో జర్మన్లు సోవియట్ నేలలోకి వెళ్లేకొద్దీ పట్టాల వెడల్పు వేరు కావడంతో లైన్లని మార్చుకుంటూ పోవాల్సి వచ్చింది. ఆక్రమిత ప్రావిన్స్‌లో సరఫరాని మూడో వంతు దగ్గర మొదలుపెట్టి నెలనెలా పెంచండి, ప్రతిఘటన ఎక్కువుంటే తగ్గించండి. అంతకుమించి లోతుకి వెళ్లకండి, సరఫరా సిస్టమ్ ఒక్కటే ఇంకో గేమ్ అంత పని.

అయిదో పని: డబ్బు ఏ దారిలో వస్తుందో తేల్చండి

మొదటి ఏడాది పాత ఆదాయంలో అయిదో వంతుకి మించి రానివ్వకండి, అదీ పెద్దలు కలిసొస్తేనే. రికార్డులు కాలిపోయి ఉంటాయి, రైతులు పారిపోయి ఉంటారు, మార్కెట్లు మూసి ఉంటాయి. తొందరగా కావాలనుకునేవాళ్లకి దోపిడీ అనే దారి ఇవ్వండి, కానీ దాని బిల్లు తర్వాత రావాలి. 1940 తర్వాత జర్మనీ ఆక్రమణ ఖర్చుల పేరుతో ఫ్రాన్స్ నుంచి మొదట్లో రోజుకి రెండు కోట్ల రీచ్‌మార్కులు పిండుకుంది. అలాంటి స్లైడర్ పెడితే, పైకి జరిపే కొద్దీ ఖజానా నిండాలి, ఆ దేశ పరిశ్రమ అరగాలి, ఒప్పుకోలు పెరగడం ఆగిపోవాలి.

విధ్వంసం కూడా అంతే. నార్మండీ నుంచి వచ్చి గెలిచిన విలియం 1066లో ఇంగ్లండ్ కిరీటం పెట్టుకున్నాడు, ఉత్తరాన తిరుగుబాట్లు ఆగకపోయేసరికి 1069 చలికాలంలో అక్కడి ఊళ్లనీ పంటల్నీ తగలబెట్టించాడు. ఆ వైపు అణిగింది. 1086లో దేశమంతా సర్వే చేయించినప్పుడు యార్క్‌షైర్‌లో ఎన్నో ఊళ్లు ఇంకా పాడుగానే నమోదయ్యాయి. గేముల్లో తగలబెట్టిన ప్రావిన్స్ అయిదారు టర్న్‌లలో కోలుకుంటుంది, అది ఒక తరం పట్టేలా చేయండి.

ఆరో పని: తిరుగుబాటుకి కారణమూ ముఖమూ ఇవ్వండి

ప్రతి అయిదేళ్లకీ ఎక్కడో ఒకచోట పదివేల మంది తిరుగుబాటుదారులు నేలలోంచి పుట్టుకురావడం, మీ సైన్యం వెళ్లి తుడిచేయడం, మళ్లీ పుట్టడం, ఇది విసుగు తప్ప ఇంకేమీ ఇవ్వదు. దాని బదులు మెట్లు పెట్టండి. మొదట పన్ను ఎగవేత. తర్వాత సమాచారం దొరక్కపోవడం, అంటే ఆ ప్రావిన్స్‌లో శత్రు దళాలు మీకు కనిపించవు. తర్వాత వంతెనలూ గోదాములూ తగలబడటం, మీ అధికారుల మీద దాడులు. సైన్యంగా ఎదురు నిలబడటం చివరి మెట్టు, అది కూడా బయటి దేశం ఆయుధాలిస్తేనే తరచుగా జరగాలి. 1808 తర్వాత స్పెయిన్‌లో ఫ్రెంచ్ సైన్యాలు ఎదుర్కొన్నది ఇలాంటిదే: ఊళ్లలో గెరిల్లాలు, సముద్రం వైపు నుంచి బ్రిటిష్ సైన్యం, రెండూ కలిసి ఫ్రాన్స్‌ని ఆరేళ్లపాటు అక్కడ ఇరికించాయి. గెరిల్లాల భయంతో ఫ్రెంచ్ దళాలు చెల్లాచెదురుగా కాపలా కాయాల్సి వచ్చింది కాబట్టే బ్రిటిష్ సైన్యం తనకంటే పెద్ద శత్రువు ముందు నిలవగలిగింది.

ప్రతి మెట్టు దగ్గరా కారణం రాసి చూపించండి. రైతులు ఎందుకు కోపంగా ఉన్నారు, ఏ నిర్ణయం వల్ల, ఎవరు డబ్బిస్తున్నారు. కారణం తెలిస్తే ప్లేయర్ సైన్యం పంపాలా, పన్ను తగ్గించాలా, పాత పెద్దని వెనక్కి పిలవాలా అని ఎంచుకుంటాడు. కారణం తెలియకపోతే గేమ్ తనని ఊరికే శిక్షిస్తోంది అనుకుని మోడ్ తీసేస్తాడు, అతన్ని తప్పుపట్టలేం.

ఏడో పని: సంధిని వాయిదాల్లో నడపండి

సంతకంతో అన్నీ ఒకేసారి చేతులు మారకూడదు. 1871లో ఫ్రాన్స్ 500 కోట్ల ఫ్రాంకుల నష్టపరిహారం కట్టాల్సి వచ్చింది, ఆ డబ్బు అందేకొద్దీ జర్మన్ దళాలు విడతలుగా ఖాళీ చేస్తూ పోయాయి, 1873 సెప్టెంబర్‌లో చివరివాళ్లు వెళ్లారు. ఇది గేమ్‌కి చక్కగా సరిపోతుంది: కొన్ని ప్రావిన్స్‌లు హామీగా మీ పట్టులో, హక్కు వాళ్లదే, కాపలా ఖర్చు ఎవరిదన్నది బేరం. వాయిదా తప్పితే ఏం చేయాలన్నది మళ్లీ ఒక నిర్ణయం. మొదటి పనిలో మూడు గళ్లు విడగొట్టి ఉంటే దీనికి కొత్త కోడ్ పెద్దగా అక్కర్లేదు.

పొరుగు దేశాల కోపం, కూటములు చాలా గేముల్లో ఇప్పటికే ఉన్నాయి, వాటిని అలాగే వాడుకోండి. నేను కలపమనేది సొంత ఇంటి సంగతి. గెలిచిన సేనానులు భూములు అడగాలి. ఇస్తే కొత్త ప్రాంతంలో పట్టు పెరుగుతుంది, అక్కడి పాత భూస్వాములు శత్రువులవుతారు, ఆ సేనాని బలం కూడా మీకు తలనొప్పి అయ్యేంత పెరుగుతుంది. ఇవ్వకపోతే వచ్చే యుద్ధానికి ఆయన దళం ఆలస్యంగా వస్తుంది.

చివరిగా టెస్టింగ్, ఏ క్రమంలో కలపాలి

చరిత్రలోని మూడు ఘట్టాల్ని చిన్న సీనారియోలుగా తయారుచేసి ఏఐని ఏఐ మీదికి వదిలి చూడండి. 1812 సీనారియోలో మాస్కో పడగానే రష్యా లొంగిపోతుంటే ఆశ, మిగిలిన సైన్యం అంకెలు చాలా తక్కువ పెట్టారని అర్థం. 1847 సీనారియోలో అమెరికా ప్రతిసారీ మెక్సికో మొత్తాన్నీ కలిపేసుకుంటుంటే కాపలా ఖర్చు సరిపోలేదు. 2003 సీనారియోలో సైన్యాన్ని రద్దు చేసినా చేయకపోయినా ఫలితం ఒకేలా ఉంటే స్థానిక వర్గాల సిస్టమ్ పనిచేయడం లేదు. ఒక్కోదాన్నీ చాలాసార్లు నడపండి. ప్రతిసారీ చరిత్రలో జరిగిందే జరగాలని కోరుకోకండి, అప్పుడప్పుడు వేరేలా తేలడం మంచిదే. ఏఐ విషయంలో ఇంకో జాగ్రత్త: కొత్త ఖర్చులు దానికి అర్థం కాకపోతే అది మింగుకుంటూ పోయి పదేళ్లలో దివాలా తీస్తుంది, కాబట్టి యుద్ధం ప్రకటించే ముందు కాపలా ఖర్చుని అంచనా వేసే చిన్న లెక్క దానికి తప్పకుండా రాయండి.

ప్లేయర్ మీద పడే క్లిక్‌లు కూడా లెక్కపెట్టండి. ముప్పై ప్రావిన్స్‌లు గెలిచినవాడు ముప్పై చోట్ల మూడేసి కుర్చీలు నింపాలంటే ఆడడు. ప్రాంతం మొత్తానికి ఒకే విధానం ఎంచుకునేలా చేసి, ఎక్కడైనా మంట లేచినప్పుడే ఆ ప్రావిన్స్‌ని విడిగా చూపించండి.

అన్నీ ఒకేసారి కలపొద్దు, ఏది దేన్ని పాడుచేసిందో పట్టుకోలేరు. మొదట మూడు గళ్లు, కాపలా లెక్క. అవి నిలకడగా నడిచాక లొంగుబాటు ఫార్ములా, తర్వాత స్థానిక వర్గాలు, వాటి మీద తిరుగుబాటు మెట్లు, ఆఖరున వాయిదాల సంధి. ప్రతి దశకీ వేరే వెర్షన్ నంబర్ పెట్టి పాత సేవ్ ఫైళ్లు పనిచేస్తాయో లేదో ముందే చెప్పండి, ఎందుకంటే ఓనర్ గడిని విడగొట్టిన మొదటి మార్పుతోనే పాతవి చెడిపోయే అవకాశం చాలా ఎక్కువ.